కొత్త రౌటర్ పెట్టుకోవడం: బయటి లైను నుంచి చివరి గదిలో సిగ్నల్ దాకా

రౌటర్ తెచ్చి పెట్టాం, లైట్లు వెలుగుతున్నాయి, ఫోన్‌లో వై-ఫై పేరు కూడా కనిపిస్తోంది, కానీ నెట్ రావట్లేదు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. వెళ్లి చూస్తే చాలాసార్లు రౌటర్‌లో లోపమేమీ ఉండదు. చేయాల్సిన పనులన్నీ చేసే ఉంటారు, వరస తప్పి ఉంటుందంతే.

ఇంటర్నెట్ మన ఫోన్ దాకా నాలుగు మజిలీలు దాటి వస్తుంది. బయటి నుంచి లైను, దాన్ని అందుకునే పెట్టె, ఆ పెట్టె నుంచి రౌటర్‌కి కేబుల్, రౌటర్ నుంచి వై-ఫై. మనం పని చేయాల్సింది కూడా ఇదే వరసలో. ముందుది పనిచేస్తోందని కళ్లారా చూశాకే తర్వాతదాని మీద చెయ్యి వేయాలి. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే, ఏది దేనివల్ల చెడిందో ఎవరూ చెప్పలేరు.

మొత్తం ఒక గంట పని. ఇంట్లో ఎవరికీ అర్జంటుగా నెట్ అక్కర్లేని సమయం చూసుకుని మొదలుపెట్టండి.

## 1. మీ ఇంటికి లైను ఎలా వస్తోందో చూడండి

గోడలోంచి వచ్చే వైరు పట్టుకుని, అది ఎక్కడికి వెళ్తోందో చూడండి.

- సన్నటి వైరు, చివర చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ (ఎక్కువగా ఆకుపచ్చది, కొన్నిచోట్ల నీలం): ఇది ఫైబర్. ఇది దిగే పెట్టెను ఓఎన్‌టీ అంటారు.
- మధ్యలో రాగి తీగ, చుట్టూ మర తిప్పి బిగించే కొన: కేబుల్ మోడెమ్ లైను.
- పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరు: డీఎస్ఎల్ మోడెమ్ కావాలి.
- ఎనిమిది పిన్నుల వెడల్పాటి ప్లగ్ ఉన్న కేబుల్ నేరుగా ఇంట్లోకి వస్తే: మధ్యలో పెట్టె అక్కర్లేదు, నేరుగా రౌటర్‌కే పెట్టుకోవచ్చు.

ఫైబర్ లైను నేరుగా రౌటర్‌లో పెట్టడానికి కుదరదేంటని చాలామంది అడుగుతారు. ఫైబర్‌లో వచ్చేది కాంతి. మామూలు రౌటర్ పోర్టులు విద్యుత్ సంకేతాలనే అర్థం చేసుకుంటాయి. ఒకదాన్ని రెండోదిగా మార్చడమే ఓఎన్‌టీ పని. కాబట్టి కొత్త రౌటర్ కొన్నా పాత పెట్టె తీసేయకూడదు.

ఆ ఓఎన్‌టీకే వై-ఫై ఉందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. ఉంటే మీ ఇంట్లో ఇక రెండు రౌటర్లు ఉన్నట్టు లెక్క. దాని సంగతి ఏడో మెట్టులో చెబుతాను.

## 2. ముందు రాసుకోండి, తర్వాతే ముట్టుకోండి

ఒకసారి మా బంధువుల ఇంట్లో పాత రౌటర్ మొండికేస్తే, సెట్టింగ్స్ అన్నీ చెరిపి మొదట్నుంచి చేద్దామని రీసెట్ బటన్ నొక్కాను. రౌటర్ శుభ్రంగా మళ్లీ మొదలైంది. దాంట్లో ఉన్న కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా శుభ్రంగా పోయాయి. ఇంట్లో ఎవరికీ అవి తెలియవు. కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా మళ్లీ ఇవ్వడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు లేవు. అప్పటి నుంచి ఎవరి ఇంట్లోనైనా నేను మొదట తీసేది కాగితం, పెన్ను.

పాత రౌటర్ ఇంకా పనిచేస్తుండగానే ఇవి సంపాదించండి:

- కనెక్షన్ రకం: పీపీపీఓఈనా (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసేది), డైనమిక్ ఐపీనా (ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మన నంబరు, దానంతట అదే వచ్చేది), స్టాటిక్ ఐపీనా (కంపెనీ ఇచ్చిన నంబరు మనమే పెట్టేది)
- పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్
- స్టాటిక్ అయితే ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ (సైటు పేరుని నంబరుగా మార్చే సర్వర్) నంబర్లు
- వీల్యాన్ నంబర్ (కంపెనీ తన లైనులో నెట్‌ని వేరుగా గుర్తించడానికి పెట్టేది) ఏదైనా ఉంటే అది
- పాత వై-ఫై పేరు, పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా
- మీ ప్లాన్ వేగం ఎంతో
- పాత రౌటర్ వెనక ఏ వైరు ఏ పోర్టులో ఉందో ఫొటో, కింద అంటించిన స్టిక్కర్ ఫొటో, సెట్టింగ్స్‌లో వాన్ (WAN, బయటి లైను వైపు) పేజీ ఫొటో

కంపెనీకి ఫోన్ చేస్తే ఈ మాటలే అడగండి: "మా కనెక్షన్ పీపీపీఓఈనా, డైనమిక్కా? వీల్యాన్ నంబర్ పెట్టాలా? నా సొంత రౌటర్ పెడితే దాని మ్యాక్ అడ్రస్ మీ దగ్గర నమోదు చేయాలా?" మ్యాక్ అడ్రస్ అంటే ప్రతి పరికరానికీ తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు. ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ఇక్కడే ఇంకో సంగతి. ఈ పనిలో మూడు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఎదురవుతాయి. కనెక్షన్ పాస్‌వర్డ్ కంపెనీ ఇస్తుంది, రౌటర్‌లో ఒక్కసారి పెడితే చాలు. అడ్మిన్ పాస్‌వర్డ్ రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరవడానికి. వై-ఫై పాస్‌వర్డ్ ఫోన్లలో కొట్టేది. ఒకదాని చోట ఇంకోటి కొట్టి "తప్పు పాస్‌వర్డ్ అంటోంది" అని టెన్షన్ పడేవాళ్లను ఎంతోమందిని చూశాను. కాగితం మీద మూడింటినీ మూడు వరసల్లో, పక్కన పేరుతో రాసుకోండి.

## 3. కేబుల్, అడాప్టర్: చేత్తో పట్టుకుని చూడండి

రౌటర్ బాక్సులో వచ్చే పొట్టి కేబుల్‌ని ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. పారదర్శకంగా ఉన్న ప్లగ్‌లో ఎనిమిది సన్నటి తీగలు పక్కపక్కన వెళ్తుంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులు. ప్రతి రంగుకీ తెల్ల చార ఉన్న జోడీ ఒకటి. మొత్తం నాలుగు జతలు.

100 ఎంబీపీఎస్ వేగానికి ఇందులో రెండు జతలు చాలు. 1 గిగాబిట్ కావాలంటే నాలుగూ కావాలి. ఒక్క తీగ ప్లగ్‌లో సరిగ్గా తగలకపోయినా చాలాసార్లు కనెక్షన్ ఆగిపోదు, చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. అందుకే మీ ప్లాన్ 200, 300 అయి ఉండి, స్పీడ్ టెస్ట్‌లో ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగుతుంటే కంపెనీని తిట్టుకునే ముందు కేబుల్ మార్చి చూడండి. ఆ 94 అనే అంకె కేబుల్ లోపానికి దాదాపు సంతకం లాంటిది. రౌటర్ పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి అయినా ఇదే అంకె వస్తుంది, కాబట్టి బాక్సు మీద గిగాబిట్ పోర్టులని రాసి ఉందో లేదో కూడా చూడండి.

కేబుల్ తొడుగు మీద క్యాట్ 5ఈ అని గానీ, క్యాట్ 6 అని గానీ అచ్చు వేసి ఉండాలి. ఇంటికి ఏదైనా సరిపోతుంది. 100 మీటర్ల పొడవు దాకా గిగాబిట్ వేగం తగ్గదు.

ప్లగ్ పైన ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంటే ఆ కేబుల్ వాడకండి. పెట్టినప్పుడు టక్‌మని శబ్దం రావాలి, మెల్లగా వెనక్కి లాగితే ఊడి రాకూడదు. క్లిప్ లేని కేబుల్ ఈరోజు పనిచేస్తుంది. రేపు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి వెంట్రుకవాసి జరిగితే నెట్ పోతుంది, కారణం మాత్రం కనిపించదు.

ఫైబర్ వైరుతో ఇంకా జాగ్రత్త. లోపల ఉన్నది గాజు.

- టీ సాసర్ కంటే చిన్న చుట్టగా చుట్టకండి, మూల దగ్గర మడత పెట్టకండి
- సోఫా కాలు కింద, తలుపు సందులో నలగనివ్వకండి
- తీయాల్సి వస్తే కొనను వేలితో ముట్టుకోకండి, దుమ్ము పడకుండా మూత పెట్టండి
- కొనలోకి కన్ను పెట్టి చూడకండి. అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు, కానీ హాని చేయగలదు

అడాప్టర్ విషయం: రౌటర్‌తో వచ్చినదే వాడండి. వేరేది పెట్టాల్సి వస్తే ఓల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్నులో ప్లస్, మైనస్ గుర్తు కూడా కలవాలి. 12 ఓల్టుల రౌటర్‌కి 9 ఓల్టులది పెడితే లైట్లు వెలగొచ్చు. నలుగురు ఒకేసారి వీడియో చూస్తే మాత్రం అది తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంటుంది.

## 4. రౌటర్‌కి చోటు

ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకి పైన, కళ్లకు కనిపించేలా. చోటు ఎంపికలో ఇంతకు మించిన సూత్రం లేదు. అందంగా ఉండదని టీవీ క్యాబినెట్‌లో పెట్టి తలుపు మూస్తే సిగ్నలూ తగ్గుతుంది, రౌటరూ వేడెక్కుతుంది.

దగ్గర ఉండకూడనివి ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టి, మైక్రోవేవ్. లోహం సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, అద్దం వెనక పూత కూడా లోహమే. నీళ్లు సిగ్నల్‌ని పీల్చుకుంటాయి. మైక్రోవేవ్ నడుస్తున్నంతసేపు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై తడబడుతుంది, ఎందుకంటే రెండూ దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి.

బయటికి కనిపించే యాంటెన్నా కొన ఎటు చూపిస్తే అటు సిగ్నల్ వెళ్తుందని అనుకుంటారు. నిజానికి కొన వైపు చాలా తక్కువ వెళ్తుంది, దాని నడుము చుట్టూ గారెలా పరుచుకుంటుంది. ఒకే అంతస్తు ఇల్లయితే యాంటెన్నాలన్నీ నిటారుగా పెట్టండి. పై అంతస్తుకీ కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి.

లైను ఇంటి మూలలో దిగింది కదా అని రౌటర్‌ని కూడా అక్కడే వదిలేయకండి. ఓఎన్‌టీ మూలలోనే ఉండొచ్చు. అక్కడి నుంచి పొడవాటి కేబుల్ లాగి రౌటర్‌ని మధ్యకి తెచ్చుకోండి. గోడకి మేకులు మాత్రం ఇప్పుడే కొట్టకండి. పదకొండో మెట్టులో వేగం కొలిచాక కొట్టొచ్చు.

## 5. కలిపే వరస

1. అన్నీ ఆపేయండి. మోడెమ్ లేదా ఓఎన్‌టీ, పాత రౌటర్, కొత్త రౌటర్. ఐదు నిమిషాలు ఆగండి. కొన్ని మోడెమ్‌లు ఇంతకుముందు తగిలించిన రౌటర్‌నే గుర్తుపెట్టుకుని కొత్తదానికి నెట్ ఇవ్వవు. ఈ ఐదు నిమిషాల్లో ఆ గుర్తు చాలావరకు చెరిగిపోతుంది.

2. ఓఎన్‌టీ ఒక్కటే ఆన్ చేయండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. పాన్ (PON) అనే లైటు మిణుకుమిణుకు ఆపి నిలకడగా వెలగాలి. లాస్ (LOS) అనే లైటు వెలగకూడదు. లాస్ ఎర్రగా మెరుస్తుంటే బయటి నుంచి కాంతి రావట్లేదని అర్థం. ఇక్కడే ఆగిపోండి. మీరు రౌటర్‌లో ఏం చేసినా ఉపయోగం లేదు, కంపెనీకి ఫోన్ చేయండి.

3. ఓఎన్‌టీ ల్యాన్ (LAN, ఇంటి వైపు) పోర్టులో కేబుల్ ఒక కొన, కొత్త రౌటర్ వాన్ పోర్టులో రెండో కొన. వాన్ పోర్టు మీద కొన్నిసార్లు ఇంటర్నెట్ అని రాసి ఉంటుంది, తరచుగా రంగు కూడా వేరుగా ఉంటుంది.

4. రౌటర్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగండి.

5. రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకో కేబుల్ పెట్టండి. ల్యాప్‌టాప్‌కి పోర్టు లేకపోతే ఫోన్‌తోనే కానివ్వండి. స్టిక్కర్ మీద ఉన్న వై-ఫై పేరు, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అవ్వండి.

ఈ మెట్టులో జరిగే పెద్ద పొరపాటు మూడో అంకెలోనే ఉంది. వాన్‌లో పెట్టాల్సిన కేబుల్‌ని ల్యాన్‌లో పెడతారు. ఓఎన్‌టీ కూడా రౌటర్‌లా పనిచేసే ఇంట్లో అలా పెడితే ఓఎన్‌టీ, రౌటర్ రెండూ ఇంట్లో వస్తువులకి ఐపీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడతాయి. ఒక ఫోన్‌కి నెట్ వస్తుంది, ఇంకోదానికి రాదు, అరగంటకి అది తిరగబడుతుంది. ఇలా అయోమయంగా ఉంటే ముందు వెళ్లి ఆ కేబుల్ ఏ పోర్టులో ఉందో చూడండి.

## 6. సెట్టింగ్స్ పేజీ తెరవడం

స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది. ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1. బ్రౌజర్‌లో పైన అడ్రస్ రాసే పట్టీలోనే కొట్టండి. సెర్చ్ పెట్టెలో కొడితే ఎక్కడెక్కడివో పేజీలు వస్తాయి.

ఫోన్‌తో చేసేవాళ్లు ముందు మొబైల్ డేటా ఆపండి. ఇంకా నెట్ లేని వై-ఫై కాబట్టి ఫోన్ దాన్ని వదిలేసి మొబైల్ డేటా వైపు జారుకుంటుంది, పేజీ తెరుచుకోదు. "ఈ వై-ఫైలో ఇంటర్నెట్ లేదు, కొనసాగాలా?" అని అడిగితే కొనసాగించమనండి. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి.

అయినా తెరుచుకోకపోతే మీ ల్యాప్‌టాప్‌కి వచ్చిన ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254 తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం. కేబుల్ తీసి మళ్లీ పెట్టండి, లేదా ఇంకో ల్యాన్ పోర్టులో పెట్టండి. అడ్రస్ వచ్చి ఉంటే దాని పక్కనే కనిపించే గేట్‌వే నంబరే మీరు కొట్టాల్సిన నంబరు.

కొన్ని రౌటర్లు తెరవగానే "ఈ పేజీ సురక్షితం కాదు" అని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. మీ చేతిలో ఉన్న రౌటర్‌కే, మీ ఇంట్లోంచే వెళ్తున్నారు కాబట్టి ఈ ఒక్క చోట ముందుకెళ్లొచ్చు.

లోపలికి వెళ్లగానే మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. స్టిక్కర్ మీద "అడ్మిన్, అడ్మిన్" అని ఉన్న రౌటర్‌ని అలాగే వదలడమంటే తాళంచెవి తలుపుకే వేలాడదీయడం. మార్చింది కాగితం మీద రాసుకోండి.

## 7. వాన్ సెట్టింగ్

నెట్ వచ్చేదీ రానిదీ తేలేది ఇక్కడే. రెండో మెట్టులో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి.

డైనమిక్ అయితే దాన్ని ఎంచుకుని సేవ్ చేయడమే. పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టాలి. చిన్నబడి, పెద్దబడి అక్షరాలు, చివర పొరపాటున పడే ఖాళీ, సున్నాకీ ఓ అక్షరానికీ తేడా గమనించండి. వీల్యాన్ నంబర్ ఇచ్చి ఉంటే అదీ పెట్టాలి. అది లేకుండా యూజర్‌నేమ్ ఎంత సరిగ్గా ఉన్నా లైను పలకదు.

సేవ్ చేసి ఒక నిమిషం ఆగి స్టేటస్ పేజీలో వాన్ ఐపీ చూడండి. ఆ నంబరు చాలా సంగతులు చెబుతుంది.

- 0.0.0.0: ఇంకా ఏమీ రాలేదు. కనెక్షన్ రకం గానీ, వీల్యాన్ గానీ, పాస్‌వర్డ్ గానీ తప్పు. కంపెనీ పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌నే ఒప్పుకుంటున్నా ఇలాగే ఉంటుంది. రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే చోట పాత మ్యాక్ పెట్టండి, లేదా కంపెనీతో చెప్పి కొత్తది నమోదు చేయించండి.
- 192.168 తో గానీ, 10 తో గానీ మొదలైతే: చాలా ఇళ్లలో ఓఎన్‌టీ కూడా రౌటర్‌లా పనిచేస్తోందని అర్థం. నెట్ వస్తుంది, కానీ రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి.
- 100.64 నుంచి 100.127 మధ్య: కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతోంది. రోజువారీ వాడకానికి ఇబ్బంది లేదు. బయటి నుంచి ఇంట్లో కెమెరాకి నేరుగా కనెక్ట్ అవ్వాలనుకునేవాళ్లకే అడ్డం.

రెండు రౌటర్లు ఉన్న ఇంట్లో నా సలహా ఇది. కొత్త రౌటర్‌ని మంచి వై-ఫై కోసమే తెచ్చుకుంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టేయండి. అప్పుడు అడ్రస్‌లు పంచే పని ఓఎన్‌టీదే, కొత్తది వై-ఫై మాత్రం ఇస్తుంది, తగాదా ఉండదు. గెస్ట్ నెట్‌వర్క్ (అతిథులకి వేరే వై-ఫై), పిల్లల వాడకం మీద హద్దులు లాంటివి కొత్త రౌటర్‌తోనే నడపాలనుకుంటే ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రం అందించేలా) పెట్టమని కంపెనీని అడగండి. ఏ దారి ఎంచుకున్నా ఓఎన్‌టీ వై-ఫై ఆపేయండి, లేకపోతే ఫోన్లు దాన్ని పట్టుకుని వేలాడతాయి.

ఓఎన్‌టీ, రౌటర్ రెండింటి అడ్రసూ 192.168.1.1 అయితే ఇంకో చిక్కు. ఒకే ఇంటి నంబరు రెండిళ్లకి ఉన్నట్టు. చాలా కొత్త రౌటర్లు దీన్ని గమనించి తామే మారతాయి. మారకపోతే ల్యాన్ సెట్టింగ్‌లో రౌటర్ అడ్రస్‌ని 192.168.2.1 గా మార్చండి.

పీపీపీఓఈలో కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉంటే ఎంటీయూ (ఒక్కసారికి పంపగల డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) అనే విలువ చూడండి. అది మామూలుగా 1500. పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1492 ఉండాలి.

కేబుల్ పెట్టిన ల్యాప్‌టాప్‌లో రెండు మూడు సైట్లు బాగా తెరుచుకునేదాకా వై-ఫై సెట్టింగ్స్ జోలికి వెళ్లొద్దు.

## 8. ఫర్మ్‌వేర్

రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌నే ఫర్మ్‌వేర్ అంటారు. నెట్ వచ్చింది కాబట్టి ఇప్పుడే అప్‌డేట్ చేసేయండి. కేబుల్ మీదే చేయండి. కరెంటు పోయే సూచన ఉంటే వాయిదా వేయండి, మధ్యలో ఆగితే రౌటర్ పూర్తిగా పాడయ్యే ప్రమాదం ఉంది. ఆటో అప్‌డేట్ ఉంటే రాత్రి వేళకి పెట్టండి.

## 9. వై-ఫై

పేరు, పాస్‌వర్డ్ విషయంలో ఒక సులువు. పాతవే, అక్షరం తేడా లేకుండా పెట్టండి. ఇంట్లో ఫోన్లు, టీవీ, ప్రింటర్, బల్బులు చాలావరకు వాటంతట అవే వచ్చి కలుస్తాయి. పాత పాస్‌వర్డ్ అందరికీ తెలిసిపోయిందనుకుంటేనే మార్చండి. పేరులో ఫ్లాట్ నంబర్, ఇంటిపేరు పెట్టకండి.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. విచిత్రమైన గుర్తులకంటే పొడవు ముఖ్యం. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే గట్టిగానూ ఉంటుంది, టీవీ రిమోట్‌తో కొట్టడానికీ తేలిక.

భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత ప్రింటర్లు, బల్బులు కలవవు. ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్ ఉండాలి. టీకేఐపీ పెడితే భద్రత తగ్గడమే కాదు, వేగం కూడా 54 ఎంబీపీఎస్ దాటదు.

బ్యాండ్‌లు రెండు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది, నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ రెండు గోడలకే నీరసిస్తుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి, ఎంచుకునే పని రౌటర్‌కి వదిలేయడమే మామూలుగా మంచిది. స్మార్ట్ బల్బు, కెమెరా లాంటివి కలవనని మొరాయిస్తే, ఆ కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి, వాటిని కలిపాక మళ్లీ ఆన్ చేయండి. వాటిలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు.

ఛానెల్ (బ్యాండ్ లోపల ఉండే ఒక్కో దారి) విషయంలో కొంచెం నిలబడి చూడాలి. 2.4 లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెల్స్ మూడే: 1, 6, 11. ఫోన్‌లో వై-ఫై అనలైజర్ యాప్ పెట్టి పక్కింటివాళ్లు దేనిమీద ఎక్కువ ఉన్నారో చూసి, ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. తెలివిగా మధ్యలో 3 పెట్టుకుంటే 1 మీద ఉన్నవాళ్ల గోల, 6 మీద ఉన్నవాళ్ల గోల రెండూ మీకే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే కాగితం మీద వేగం పెరుగుతుంది, అపార్ట్‌మెంట్‌లో తగ్గుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 దాకా ఉన్న ఛానెల్స్, 80 మెగాహెర్ట్జ్ వెడల్పు బాగుంటాయి. 52 నుంచి 144 మధ్య ఛానెల్స్‌ని రాడార్లు కూడా వాడతాయి. అందుకే రౌటర్ ఆన్ అయ్యాక కనీసం ఒక నిమిషం రాడార్ ఉందేమో విని, లేదని తేలాకే సిగ్నల్ ఇస్తుంది. రీస్టార్ట్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించట్లేదని కంగారు పడకుండా కాసేపు ఆగండి.

## 10. మూసేయాల్సిన తలుపులు

- డబ్ల్యూపీఎస్ (వై-ఫై పాస్‌వర్డ్ బదులు బటన్‌తో గానీ, పిన్‌తో గానీ కలిపే పద్ధతి) ఆపండి. దాని పిన్ పద్ధతిలో లోపం ఉందని 2011లోనే బయటపడింది
- రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి, బయటి నుంచి మీ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవాల్సిన అవసరం లేదు
- యూపీఎన్‌పీ (యాప్‌లు అడగ్గానే రౌటర్ తానే బయటి నుంచి దారి తెరిచే సదుపాయం) గేమ్‌లకి అవసరమైతే తప్ప ఆపండి
- గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, వచ్చిపోయేవాళ్లకి అదే ఇవ్వండి. కెమెరాలు, బల్బులు కూడా దాంట్లోనే ఉంటే మీ ల్యాప్‌టాప్‌కి మరింత రక్షణ

## 11. వేగం కొలవండి

నాలుగు చోట్ల కొలిచి కాగితం మీద రాయండి: ఓఎన్‌టీకి కేబుల్ పెట్టి, రౌటర్‌కి కేబుల్ పెట్టి, రౌటర్ ఉన్న గదిలో వై-ఫైతో, చివరి గదిలో వై-ఫైతో. పీపీపీఓఈ రౌటర్‌లోనే పెట్టి ఉంటే మొదటిది కుదరదు, మిగతా మూడూ చాలు. ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరూ పెద్ద డౌన్‌లోడ్ చేయకూడదు.

ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోయిందో లోపం అక్కడే ఉంది. మొదటి చోటే తక్కువ ఉంటే కంపెనీతో మాట్లాడాలి, మీ దగ్గర అంకె ఉంది కాబట్టి వాళ్లు తప్పించుకోలేరు. రెండో చోట పడితే కేబుల్ లేదా రౌటర్ పోర్టు. మూడో చోట పడితే వై-ఫై సెట్టింగ్. నాలుగో చోట మాత్రమే పడితే దూరం, గోడలు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ప్లాన్‌లో చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనిపించేది తరచుగా బైట్లలో. 8 బిట్లు ఒక బైట్. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైల్ సెకనుకి 12 మెగాబైట్ల దాకా దిగుతుంటే అది పూర్తి వేగమే.

చివరి గదికి అందకపోతే ముందు రౌటర్‌ని రెండు మూడు అడుగులు జరిపి చూడండి. అప్పటికీ కుదరకపోతే కేబుల్ లాగి అక్కడో యాక్సెస్ పాయింట్ పెట్టడం అన్నిటికంటే మేలు. కేబుల్ లాగడానికి వీల్లేకపోతే మెష్, అంటే ఒక జట్టుగా పనిచేసే రెండు మూడు రౌటర్లు. చవకని రిపీటర్ కొంటే ఒకే రేడియోతో వినాలి, మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. మెష్ అయినా, రిపీటర్ అయినా సిగ్నల్ లేని గదిలో పెట్టకండి. అక్కడ దానికే సిగ్నల్ ఉండదు, మనకేం ఇస్తుంది? సగం దారిలో పెట్టాలి.

## 12. తర్వాత ఎప్పుడైనా నెట్ పోతే

రీసెట్ పిన్ను జోలికి వెళ్లకుండా ఈ వరసలో చూడండి:

- లాస్ లైటు ఎర్రగా ఉందా? ఉంటే లైను సమస్య
- ఓఎన్‌టీ, రౌటర్ ఆపి, ముందు ఓఎన్‌టీ, మూడు నిమిషాల తర్వాత రౌటర్ ఆన్ చేశారా?
- వాన్ ఐపీ ఎంత చూపిస్తోంది?
- కేబుల్ మీద వస్తూ వై-ఫై మీద రావట్లేదా? అయితే రౌటర్ వరకూ అంతా బాగుంది
- ఒక్క ఫోన్‌లోనే రావట్లేదా? ఆ ఫోన్‌లో వై-ఫైని మర్చిపోమని చెప్పి మళ్లీ కలపండి
- మెసేజ్‌లు, కాల్స్ వస్తూ సైట్లు మాత్రం తెరుచుకోవట్లేదా? రౌటర్‌లో డీఎన్ఎస్‌ని 1.1.1.1 లేదా 8.8.8.8 గా మార్చి చూడండి

అన్నీ బాగున్న రోజునే సెట్టింగ్స్ పేజీలో బ్యాకప్ అనే చోటికి వెళ్లి ఒక ఫైల్ దించుకోండి. రెండో మెట్టులో రాసిన కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి, ఇంట్లో ముఖ్యమైన కాగితాలు దాచే చోటే దాచండి. రౌటర్ కింద అంటించకండి, వచ్చినవాళ్లందరూ చూస్తారు. అది ఎక్కడ ఉందో మీతో పాటు ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.